ఫిబ్రవరిలో 10 కిలోమీటర్ల సముద్ర ఈత: నల్లగొండలో ఉండి ఎట్ల తయారు కావాలె?

పానగల్లు_నీళ్లు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. ఫిబ్రవరి రెండో వారంల గోవా దిక్కు సముద్రంల జరిగే 10 కిలోమీటర్ల ఈతకు పేరిచ్చిన. మర్రిగూడ చుట్టుపక్కల ఊర్లల్ల ఫ్లోరోసిస్‌తోని నడుములు వంగి, కీళ్లు పట్టేసిన పెద్దోళ్లకు చక్రాల కుర్చీలు, వాకర్లు కొనిచ్చే ట్రస్టు ఒకటున్నది. చందాలన్నీ దానికే.

నా లెక్క ఇది. వయసు 39, బీపీ, షుగర్ లేవు. వారానికి మూడు రోజులు 25 మీటర్ల పూల్‌ల ఫ్రీస్టైల్ కొడత. ఆపకుండ 2 కిలోమీటర్లు 47 నిమిషాలల్ల అయితయి. గట్టిగ కొడితే 400 మీటర్లు 8 నిమిషాల 40 సెకన్లు, 200 మీటర్లు 4 నిమిషాల 6 సెకన్లు. ఊపిరి కుడి దిక్కే తీసుకుంట. ఎక్కువ కొట్టిన రోజు కుడి భుజం ముందటి దిక్కు నొస్తది. సముద్రంల ఎన్నడూ ఈదలే.

అక్కడ 2.5 కిలోమీటర్ల చుట్లు నాలుగు కొట్టాలె. చుట్టుకొక్కసారి నీళ్లిచ్చే పడవ తగులుతది. 5 గంటల లోపల ముగియాలె. ఇప్పటికి 16 వారాలున్నయి.

వారానికి ఎంత పెంచుకుంట పోవాలె? పూల్ చాలదు, సాగర్ ఎడమ కాల్వల కొట్టు, పారే నీళ్లల్ల దూరం బాగొస్తదని ఒకరన్నరు, అది నిజమేనా? నీళ్లల్ల ఉండి ఏం తినాలె, ఏం తాగాలె? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

పాలమూరు_కోచ్

తమ్మీ, ముందు టైము సంగతి తేల్చుకుందాం. 2 కిలోమీటర్లు 47 నిమిషాలంటే 100 మీటర్లకు 2 నిమిషాల 21 సెకన్లు. ఆ వేగం సముద్రంలో నిలవదు. 25 మీటర్ల పూల్‌లో 10 కిలోమీటర్లంటే 400 సార్లు గోడ తగులుతుంది. తగిలిన ప్రతిసారీ కాళ్లతో తన్ని మూడు నాలుగు మీటర్లు ఊరికే జారుతావు, అంతసేపు చేతులకు విశ్రాంతి. సముద్రంలో గోడ లేదు. పైగా తలెత్తి దారి చూసుకోవాలి, అలలు తోస్తుంటాయి. కాబట్టి 100కు 2 నిమిషాల 35 సెకన్లు వేసుకో. 10 కిలోమీటర్లకు 4 గంటల 18 నిమిషాలు, పడవ దగ్గర ఆగే సమయం కలిపితే 4 గంటల 25 నిమిషాలు. 5 గంటల గడువంటే 100కు 3 నిమిషాలు. అంటే నీకు వేగం చాలు. కావాల్సింది నాలుగు గంటలు తిరిగే భుజం.

మూడు రోజులను నాలుగు చేసుకో. వారం మొత్తం దూరం మొదటి నాలుగు వారాలు 8, 9, 10, 7 కిలోమీటర్లు. తర్వాత 11, 12, 13.5, 9. ఆ తర్వాత 15, 16.5, 18, 12. పదమూడు, పద్నాలుగు వారాలు 19, 20. పదిహేనో వారం 12కు దించు. ఆఖరి వారం మొత్తం 5, అదీ తేలికగా. ప్రతి నాలుగో వారం దూరం తగ్గుతోంది చూడు, దాన్ని మాత్రం ఎగ్గొట్టొద్దు. గుండె, ఊపిరితిత్తులు నెల రోజుల్లో పుంజుకుంటాయి, భుజం కండరాలను ఎముకకు పట్టి ఉంచే స్నాయువులు అంత తొందరగా గట్టిపడవు. ఒంట్లో సత్తువ ఉంది కదా అని ఆ వారం కూడా పెంచినవాళ్లకే భుజం పట్టేస్తుంది.

నాలుగు రోజుల్లో ఒకరోజు పొడవాటి ఈత. మొదటి వారం 2.5 కిలోమీటర్లు, ఎనిమిది వారాలు నిండే ముందు 5, పద్నాలుగో వారానికి 8. అంతకు మించి అక్కర్లేదు. 8 చేసినవాడు పోటీ రోజు 10 చేస్తాడు. శిక్షణలో 10 చేసి చూసుకుంటే కోలుకోవడానికే వారం పోతుంది. 8కి పూల్ టైము దొరకకపోతే శనివారం 5, ఆదివారం పొద్దున 4 కొట్టు. అలిసిన భుజంతో ఈదడం అలవాటు కావడమే కదా కావాల్సింది.

ఇంకో రోజు వేగం పని. నీ 400 టైములోంచి 200 టైము తీసేస్తే 4 నిమిషాల 34 సెకన్లు, అందులో సగం 2 నిమిషాల 17. దీన్ని సీఎస్ఎస్ వేగం అంటారు, ఊపిరి అదుపు తప్పకుండా ఎక్కువసేపు నిలబెట్టగలిగే వేగం అన్నమాట. దానికి నాలుగు సెకన్లు కలిపి, అంటే 100కు 2 నిమిషాల 21 చొప్పున, 200 మీటర్లు పదిసార్లు కొట్టు. మధ్యలో 20 సెకన్లే ఆగాలి. మొదటి 200కు, పదో 200కు తేడా 4 సెకన్లు దాటితే మొదట్లో ఎక్కువ తొందరపడ్డట్టు. ఆరు వారాలకోసారి 400, 200 మళ్లీ కొలిచి లెక్క మార్చుకో. మిగతా రెండు రోజులు స్ట్రోక్ మీద పని, తేలికపాటి దూరం.

నొప్పి సంగతి. పూల్ గట్టు మీద ఎదురుగా నిలబడి ఎవరినైనా ఫోన్‌లో వీడియో తీయమను. రెండు తప్పులు వెతుకు: చెయ్యి నీళ్లలోకి బొటనవేలు ముందుగా దిగుతోందా, దిగిన చెయ్యి తల ముందు అడ్డంగా రెండో వైపుకు పోతోందా. ఈ రెండూ భుజం ముందు భాగాన్ని ప్రతి స్ట్రోక్‌కీ నలుపుతాయి. వేళ్ల కొసలు ముందు దిగాలి, అరచెయ్యి కిందికి చూడాలి, చెయ్యి భుజానికి నేరుగా ముందుకు పోవాలి. నొప్పి పోయేదాకా చేతి ప్యాడిల్స్, అంటే అరచేతికి తొడుక్కునే ప్లాస్టిక్ పలకలు, ముట్టొద్దు. రబ్బరు బ్యాండు తలుపు గడియకు కట్టి, మోచేతికి పక్కటెముకలకు మధ్య తువాలు మడత పెట్టి, ముంజేతిని బయటికి తిప్పే కసరత్తు 15 చొప్పున మూడుసార్లు, వారానికి నాలుగు రోజులు. రాత్రి పడుకున్నప్పుడు కూడా నొస్తే ఫిజియోథెరపిస్టు దగ్గరికి పో, ఆలస్యం చెయ్యకు.

ఒకవైపే ఊపిరి తీసుకోవడం కూడా మానాలి. సముద్రంలో కుడివైపు నుంచి అల వస్తే ప్రతి ఊపిరికీ నోట్లోకి ఉప్పునీళ్లే. మూడు స్ట్రోక్‌లకు ఒకసారి, కుడీ ఎడమా మార్చి తీసుకో. మొదటి రెండు వారాలు ఎడమవైపు ఇబ్బందిగానే ఉంటుంది.

గోడ లేకుండా ఈదడం పూల్‌లోనే నేర్చుకోవచ్చు. అడుగున నల్లగీత గోడకు రెండు మీటర్ల ముందే ఆగుతుంది. అక్కడే గోడ ముట్టకుండా గుండ్రంగా తిరుగు. అప్పుడు ఒక పొడవు 21 మీటర్లే అవుతుంది, 24 పొడవులకు సుమారు 500 అని లెక్క రాసుకో. నాలుగో వారం నుంచి ప్రతి పొడవాటి ఈతలో ఆఖరి కిలోమీటరు ఇట్లా కొట్టు.

కృష్ణ_ఒడ్డు

కాల్వ మాట మర్చిపో తమ్మీ. ఎవరన్నరో గానీ అది పాణం తీసే సలహా. లైనింగ్ చేసిన కాల్వ గట్లు ఏటవాలుగ ఉంటయి, వాటి మీద నాచు పేరుకుంటది. చెయ్యి పెడితే పట్టు దొరకదు, కాలు పెడితే జారుతది. ఎంత ఈత వచ్చినోడైన నీళ్ల వాలుకు కొట్టుకపోతడు. ముందట రెగ్యులేటరో (నీళ్లాపే గేట్లు), డ్రాపో (నీళ్లు కిందికి దుంకే మెట్టు), సైఫనో (నీళ్లు భూమి కిందికెళ్లి పోయే గొట్టం) వస్తది, అక్కడ నీళ్లు మనిషిని కిందికి గుంజుతయి. పైగా పారే నీళ్లల్ల కొట్టిన దూరం లెక్కకే రాదు, సగం కాల్వే మోసుకపోతది.

సాగర్ జలాశయం సంగతి వేరే. నిండితే మట్టం 590 అడుగులు. ఎగువ నుంచి వరద వచ్చే రోజులల్ల గేట్లు ఎత్తుతరు, ఇన్‌ఫ్లో పడిపోయి గేట్లు దించేదాక నీళ్ల దిక్కే చూడొద్దు. ఇంకోటి చానమందికి తెల్వది. డ్యాం కరెంటు ఇంట్ల 8 యూనిట్లుంటే అండ్ల 7 రివర్సబుల్. అంటే కరెంటు తీసుడే గాదు, కింది నీళ్లను మళ్ల పైకి తోడుతయి గూడ. కాబట్టి డ్యాంకు ఎగువన గానీ దిగువన గానీ నీళ్ల గుంజుడు ఏ గంటల ఎటుంటదో బయటోళ్లకు అంతుపట్టదు. డ్యాం దగ్గర ఈదుడు నిషేధం, అది మంచిదే. వెనుక నీళ్లల్లకు పోదామంటే చాన మేర అడవి శాఖ జాగ, వాళ్ల అనుమతి లేకుండ దిగరాదు. కృష్ణల మొసళ్లున్నయని యాదికుంచుకో. జూరాల కాడ, సోమశిల దిక్కు నీళ్లల్ల, సాగర్‌ల గూడ ఉన్నయి. మనిషిని చూస్తే మామూలుగ తప్పుకుంటయి గానీ, పొద్దుగాల, మాపటేల ఒడ్డు పొంటి నిశ్శబ్దంగ ఈదేటోనికి ఆ భరోస లేదు.

నా మాటకైతే ఒక పెద్ద చెరువు చూసుకో. పదహారు వారాలల్ల మూడు నాలుగు సార్లు దిగితే చాలు. బలం పూల్‌లనే వస్తది, చెరువుల నేర్చుకునేది ఒక్కటే, అడుగు కనవడకుండ భయం లేకుండ ఈదుడు. ముందుగాల నీటిపారుదల శాఖ ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరును) కలిసి చెప్పు. తర్వాత ఆ చెరువు మీద హక్కున్న మత్స్యకారుల సంఘంతోని మాట్లాడు. వాళ్లను అడగాల్సినయి మూడు: వలలు యాడ, నీళ్ల కింద తుమ్మ చెట్లు యాడ, తూము యాడ.

వలల సంగతి జర జాగ్రత్త. పొద్దుగూకినంక వల వేసి తెల్లారినంక ఎత్తుతరు. అంటే నువ్వు ఈదాలనుకునే తెల్లారుజామునే నీళ్ల నిండ వలలుంటయి. పైన తేలే థర్మకోల్ ముక్కలు, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కనవడితే అదే వల గీత. సన్న నైలాన్ దారం చేతి వేళ్లకు, గాగుల్స్ పట్టీకి చిక్కుకుంటది, గుంజిన కొద్ది బిగుసుకుంటది. చిక్కితే కాళ్లు కొట్టుడు ఆపి, ఎల్లెలకల తేలి, వచ్చిన దారినే చెయ్యి వెనకకు తియ్యాలె. ఎనిమిది గంటలకు వలలెత్తినంక దిగుడే మంచిది.

కట్ట పొంటి 500 మీటర్ల గీత పెట్టుకో, కట్టకు 30 మీటర్ల దూరం. తూముకు, మత్తడికి చానా ఎడంగ. తూము తెరిచి ఉన్నదా, మూసి ఉన్నదా అదే రోజు అడుగు. కట్ట మీద ఒక మనిషి నీతోని సమానంగ నడవాలె, నీళ్లల్ల ఒక పడవ ఉండాలె. పుట్టి అయితే ఇద్దరు తెడ్లెయ్యాలె. గాలి ఎదురైతే ఒక్కడేసే పుట్టి తిరుగుకుంట ఎనకవడతది, నువ్వు ముందుకు పోతవు, ఆపతికి అందదు. నడుముకు కట్టుకునే నారింజ రంగు గాలి బుడగ కొనుక్కో, టో ఫ్లోట్ అంటరు. అది ఉంటే నువ్వు దూరానికి కనవడతవు, అలిసినప్పుడు దాని మీద చేతులేసి ఆగొచ్చు. కానీ అది లైఫ్ జాకెట్ గాదు, సోయి తప్పినోని తలను అది నీళ్ల పైన ఉంచదు. ఒక్కనివి మాత్రం ఎన్నడూ దిగకు.

నీళ్లు ఆకుపచ్చ రంగు పెయింటు కలిపినట్టు, పైన తెట్టు కట్టి ఉంటే ఆ రోజు వాపస్ పో. ఒంటి మీద పుండ్లు, గీతలు ఉన్నా దిగొద్దు, ఎలుకల ఉచ్చతోని వచ్చే జ్వరం అట్లనే అంటుకుంటది.

దేవరకొండ_అక్క

తిండి గురించి నేను చెప్తాను తమ్ముడూ. అందరూ ఓఆర్ఎస్ తాగితే సరిపోతుందనుకుంటారు. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా ఓఆర్ఎస్ లీటరులో ఉండే గ్లూకోజ్ 13.5 గ్రాములే. అది విరేచనాలయినప్పుడు నీళ్లు, లవణాలు నిలబెట్టడానికి చేసినది, ఈతకు ఇంధనం కాదు. నాలుగు గంటల ఈతకు గంటకు 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. లేకపోతే మూడో చుట్టులో చేతులు బరువెక్కి, ఎందుకు ఈదుతున్నానా అనిపిస్తుంది. అప్పుడు తిన్నా వెంటనే పని చెయ్యదు.

మీ పోటీలో పడవ చుట్టుకొకసారే అంటున్నారు. కోచ్ గారి లెక్క ప్రకారం చుట్టుకు 65 నిమిషాలు. అంత ఎడం మంచిది కాదు. అందుకని చుట్టు సగంలో తినడానికి ఒక ఎనర్జీ జెల్ ప్యాకెట్ వెంట ఉంచుకో. ఈత నిక్కరు తొడ అంచు లోపల దోపుకుంటే చాలు. ప్యాకెట్ కొస ఒడ్డు మీదే కొంచెం కత్తిరించి పెట్టుకో, తడి వేళ్లతో చింపలేవు. ఖాళీ కవరు మళ్లీ నిక్కరులోనే దోపు, సముద్రంలో పడెయ్యకు. పడవ దగ్గర 300 మిల్లీలీటర్ల సీసా. లీటరు నీళ్లకు 80 గ్రాముల పౌడర్, పావు చెంచా ఉప్పు, సగం నిమ్మకాయ. పౌడర్ మాల్టోడెక్స్‌ట్రిన్ (తీపి తక్కువుండే పిండిపదార్థం పొడి) అయితే మేలు. అంతే బరువు గ్లూకోజ్ వేస్తే మరీ తియ్యగా ఉండి కడుపులో బరువుగా నిలిచిపోతుంది. 25 గ్రాముల జెల్, సీసాలో 24 గ్రాములు, చుట్టుకు 49 అయ్యాయి కదా. మూడుసార్లు ఆగుతావు, సీసాలు నాలుగు పంపు, ఒకటి జారి నీళ్లలో పడినా ఇబ్బంది ఉండదు. మూత మీద పేరు పెద్దగా రాయి. ఒక్కోసారి 30 సెకన్లకు మించి ఆగొద్దు, ఒళ్లు చల్లబడుతుంది, చేతులు పట్టేస్తాయి.

ఇవన్నీ ఐదో వారం నుంచి పూల్ గట్టు మీద సీసా పెట్టుకుని అలవాటు చెయ్యి. పోటీ రోజు కొత్త జెల్, కొత్త రుచి వద్దు. అట్లాగని ఉత్త నీళ్లు కడుపు నిండా తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పలచబడి తల తిరుగుతుంది, వాంతులవుతాయి. ముందు రోజు రాత్రి అన్నం, పప్పుచారు, అంతే. జొన్నరొట్టె, పచ్చికూరలు, వేపుళ్లు ఆ పూటకు మానెయ్. పొద్దున రెండున్నర గంటల ముందు నాలుగు ఇడ్లీలు, ఒక అరటిపండు. పల్లీ చట్నీ, పాలు, సల్ల వద్దు. అలలకు కడుపు తిప్పుతుంటే పైకి వచ్చేవి అవే.

రెండు మూడు గంటలకు ఉప్పునీళ్లకు నాలుక మొద్దుబారి వాస్తుంది. సీసాతో పాటు ఒక గుక్కెడు మామూలు నీళ్లు పుక్కిలించి ఉమ్మడానికి ఇమ్మను.

ఇక చర్మం. ఉప్పునీళ్లలో ఒరుసుకుంటే మంట మామూలుగా ఉండదు. మెడ వెనక, చంకలు, తొడల లోపల, నిక్కరు కుట్లు తగిలే చోట వ్యాజిలిన్ మందంగా పట్టించు. కొబ్బరినూనె అరగంటలో కొట్టుకుపోతుంది. వరుస తప్పొద్దు: ముందు జింక్ ఉన్న సన్‌స్క్రీన్, 20 నిమిషాలు ఆరాక వ్యాజిలిన్. ప్లాస్టిక్ గ్లౌజు తొడుక్కుని రాయి, ఆ వేళ్లతో గాగుల్స్ ముట్టుకుంటే ఇక ఏమీ కనపడదు. గడ్డం రెండు రోజుల ముందే గీసుకో. ఆ రోజే గీస్తే చర్మం మండుతుంది, వారం పెరిగిన గడ్డమైతే ప్రతి ఊపిరికీ భుజాన్ని గీరుతుంది.

జెల్లీ చేప తగిలితే రుద్దొద్దు, మంచినీళ్లు పొయ్యొద్దు. సముద్రం నీళ్లతోనే కడిగి, దారాలు అంటుకుని ఉంటే కార్డు అంచుతో తీసి, ఒడ్డుకు వచ్చాక ఒళ్లు ఓర్చుకునేంత వేడినీళ్లలో 20 నిమిషాలు ఉంచాలి. ఊపిరాడకపోయినా, దద్దుర్లు ఒళ్లంతా పాకినా వెంటనే ఆస్పత్రి.

పానగల్లు_నీళ్లు

కాల్వ ముచ్చట ఇగ బంద్. బాకీ రెండు ప్రశ్నలు. డిసెంబర్‌ల తెల్లారుజామున పూల్ నీళ్లు మస్తు చల్లగుంటయి, అప్పుడు పొడవాటి ఈత ఎట్ల? రెండోది, అమెరికాల ఉన్న చుట్టాలు చందా ఇస్తమంటున్నరు, నా ఫోన్‌పేకే పంపమందునా?

లెక్కలు_రసీదులు

మీ ఫోన్‌పేకు వద్దండి. మంచి పనికే అయినా మీ ఖాతాలో పడ్డ డబ్బుకు జవాబు మీరే చెప్పుకోవాలి, ఇచ్చినవాళ్లకు 80జి రసీదు, అంటే ఆదాయపన్ను తగ్గింపుకు చూపించుకునే రసీదు, కూడా రాదు. ట్రస్టు పేరు మీదున్న ఖాతా నంబరు, క్యూఆర్ కోడ్ మాత్రమే పంచండి. 80జి నమోదు ఉందో లేదో ట్రస్టునే అడిగి, ధ్రువపత్రం చూడండి. 2,000 రూపాయలు దాటిన నగదు చందాకు పన్ను తగ్గింపు వర్తించదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అసలే రాదు. ఇది ముందే చెప్పండి, తర్వాత మాట పడకుండా ఉంటుంది.

అమెరికా చుట్టాల విషయంలో చూడాల్సింది పాస్‌పోర్టు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే కార్డు) మీద ఉన్నవాళ్లయితే వస్తుంది. ట్రస్టుకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద నమోదు లేకుండా వాళ్ల డబ్బు తీసుకోకూడదు. వాళ్ల డబ్బు మీ ఖాతాలోకి తెచ్చి ట్రస్టుకు మళ్లించడం కూడా దారి కాదు. ఇంకొకటి, ప్రయాణం, బస, ఎంట్రీ ఫీజు మీ జేబులోంచి పెడుతున్నారా, చందాల్లోంచా? అడిగే మెసేజ్‌లో మొదటి రెండు వాక్యాల్లోనే రాయండి.

పాలమూరు_కోచ్

చలికి మందు టైము మార్చడమే. డిసెంబర్, జనవరిలో పొడవాటి ఈత మధ్యాహ్నం రెండింటికి పెట్టు, అప్పటికి ఎండకు నీళ్లు కొంచెం వెచ్చబడతాయి. రెండు క్యాపులు ఒకదాని మీద ఒకటి వేసుకో. చేతి వేళ్లు దగ్గరికి రాకుండా పంజాలా విడిపోతుంటే, బొటనవేలును చిటికెన వేలికి తాకించలేకపోతుంటే ఆ రోజుకు చాలు, బయటికి వచ్చెయ్. సముద్రం ఫిబ్రవరిలో అంత చల్లగా ఉండదు, కాబట్టి చలికి ఓర్చుకోవడం నీ పరీక్ష కాదు.

ఎండాకాలంలో ఇట్లాంటి తయారీకి దిగేవాళ్ల కోసం ఇది కూడా రాస్తున్నా. వేడినీళ్లు చలినీళ్లకంటే మోసం చేస్తాయి. 2010లో యూఏఈలోని ఫుజైరాలో 10 కిలోమీటర్ల పోటీలో అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ వెచ్చటి నీళ్లలో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు అంతర్జాతీయ నియమాల్లో ఓపెన్ వాటర్ పోటీకి నీటి ఉష్ణోగ్రత 16 డిగ్రీలకు తగ్గకూడదు, 31 దాటకూడదు. మన దగ్గర మే నెలలో ఆరుబయటి పూల్ ఆ 31ని దాటగలదు. చెమట పట్టినా నీళ్లలో తెలియదు. థర్మామీటరు వేసి చూడకుండా అప్పుడు పొడవాటి ఈత పెట్టుకోవద్దు.

దారి చూడటం గురించి ఒక్క మాట. ఎనిమిది పది స్ట్రోక్‌లకోసారి కళ్లు మాత్రమే నీళ్ల పైకి తేవాలి, గడ్డం రాకూడదు. చూసిన వెంటనే తల పక్కకు తిప్పి ఊపిరి. తలెత్తి ముందుకే ఊపిరి తీసుకుంటే నడుము మునుగుతుంది, మెడ పట్టేస్తుంది. మలుపు చూపడానికి నీళ్లలో తేలేసిన గుర్తు బుడగ అలల మధ్య కనపడదు, కాబట్టి దాని వెనక ఒడ్డు మీద ఎత్తైనది ఏదైనా, టవరో కొండో, ముందు రోజే గుర్తుపెట్టుకో. పొద్దున తూర్పుకు ఈదే చుట్టు సగంలో సూర్యుడు ఎదురుగా ఉంటాడు, ముదురు రంగు గాగుల్స్ తీసుకో. పూల్‌లో కళ్లు మూసుకుని ఆరు స్ట్రోక్‌లు కొట్టి చూడు, ఎటు వంకరగా పోతావో తెలుస్తుంది. సముద్రంలో కూడా అటే పోతావు.

కృష్ణ_ఒడ్డు

ఒక్కటి బాకీ. 39 ఏండ్లు గనక, బీపీ లేకున్నా ఒకసారి ఈసీజీ, టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) చేయించు. ఈదుతుంటే ఎన్నడూ లేని దగ్గొచ్చి, ఛాతీల గురగుర చప్పుడై, ఉమ్మిల గులాబీ రంగు నురగ కనవడితే అది అలుపు గాదు, ఊపిరితిత్తులల్లకు నీరు చేరుతున్నట్టు. జర ఆగి మళ్ల ఈదుదామనుకోవద్దు, అక్కడికక్కడే బయటికి రావాలె. సముద్రం పడవోళ్లకు నువ్వు చేసే సైగ ముందే తెలుసుకో. మామూలుగ ఒక చెయ్యి నిటారుగ ఎత్తి అటూ ఇటూ ఊపితే సాయం కావాలని. గోవా పోయినంక వాళ్ల మీటింగుల అదేనా, ఇంకోటా అని నోరిప్పి అడుగు. చెరువుల దిగిన మొదటి రోజు నీ పుట్టి మనిషితోని గూడ ఆ సైగనే పెట్టుకో, చేతికి అలవాటైతది.